కథ నడిపింది ఆటగాడు, ముగించింది ఎవరు? రోల్ ప్లేయింగ్ గేమ్‌ల ముగింపులపై ఎందుకింత చర్చ?

(గమనిక: ఈ కథనంలో పలు వీడియో గేమ్‌ల ముగింపు వివరాలు ఉన్నాయి.)

సినిమా రెండున్నర గంటల్లో ముగుస్తుంది. నవల వారం రోజుల్లో పూర్తవుతుంది. రోల్ ప్లేయింగ్ గేమ్ అలా కాదు. ఒక పాత్రను సృష్టించుకుని, దానికి పేరు పెట్టి, ఎవరిని కాపాడాలో, ఎవరిని వదిలేయాలో అడుగడుగునా నిర్ణయించుకుంటూ ఆటగాడు నెలల తరబడి ఆ లోకంలో గడుపుతాడు. అందువల్ల దాని ముగింపు నచ్చకపోతే కలిగే నిరాశ కూడా మామూలు ప్రేక్షకుడి నిరాశ కంటే పెద్దది.

ఈ నిరాశపై జరిగే చర్చల్లో తరచుగా పక్కపక్కన వినిపించే పేర్లు రెండు. ఒకటి 2006 మార్చిలో విడుదలైన ‘ది ఎల్డర్ స్క్రోల్స్ 4: ఆబ్లివియన్’. రెండోది 2008 అక్టోబరులో వచ్చిన ‘ఫాలౌట్ 3’. రెండింటినీ రూపొందించింది అమెరికాకు చెందిన బెథెస్డా గేమ్ స్టూడియోసే. రెండింటికీ దర్శకుడు టాడ్ హోవర్డే. ‘ఫాలౌట్ 3’ను ‘తుపాకులున్న ఆబ్లివియన్’ అని ఆటగాళ్లు అప్పట్లో ముద్దుగానూ, ఎత్తిపొడుపుగానూ పిలిచేవారు.

అయితే మొదటిది కత్తులు, మంత్రాలు, దేవతల లోకం. రెండోది అణుయుద్ధం తర్వాత మిగిలిన బూడిద లోకం. రెండింటి ముగింపులూ చాలామందిని అసంతృప్తికి గురిచేశాయి. కానీ ఆ అసంతృప్తికి కారణాలు వేర్వేరు. ఆ తేడాను గమనిస్తే, ఆటలో ముగింపు ఎందుకు విఫలమవుతుందో తెలుస్తుంది.

రెండు లోకాలు, రెండు వాగ్దానాలు

ఫాంటసీ గేమ్ తెలుగువారికి కొత్త ఊహేమీ కాదు. ‘పాతాళభైరవి’ వంటి జానపద చిత్రాలు చూసినవారికి ఆ లోకం పరిచితమే. ఒక రాజ్యం, దానికి వచ్చిన ఆపద, దాన్ని తొలగించగల సాహసి. చెదిరిన వ్యవస్థ తిరిగి నిలబడుతుందని, అందుకు కారణం నువ్వే అవుతావని ఆ గేమ్ ఆటగాడికి మాట ఇస్తుంది.

ప్రళయానంతర గేమ్ ఇచ్చే మాట వేరు. అక్కడ లోకం అప్పటికే నాశనమైపోయింది. 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ చిత్రంలో నీరు కరవైన కాశీ వంటి పరిస్థితి అది. పాత ప్రపంచాన్ని తిరిగి తేవడం అక్కడ ఎవరి తరమూ కాదు. మిగిలిన కొద్దిమందికి నీవల్ల ఏమైంది, నువ్వు దాటి వచ్చిన ఊళ్లు ఏమయ్యాయి అన్నవే అక్కడి ప్రశ్నలు.

అంటే ఫాంటసీ ఆటగాడు ముగింపులో విజయాన్ని ఎదురుచూస్తాడు. ప్రళయానంతర గేమ్ ఆడేవాడు పర్యవసానాన్ని ఎదురుచూస్తాడు.

‘ఆబ్లివియన్’లో ఏం జరిగింది?

‘ఆబ్లివియన్’ కథ చెరసాలలో మొదలవుతుంది. హత్యకు గురైన చక్రవర్తి చివరి కోరిక మేరకు, ఆయన రహస్య వారసుడు మార్టిన్‌ను వెతికి పట్టుకోవడం ఆటగాడి బాధ్యత. నరకం వంటి మరో లోకానికి తెరుచుకున్న ద్వారాలను ఒక్కొక్కటిగా మూసివేస్తూ, మార్టిన్‌ను రాజధానికి చేర్చాలి.

చివరి ఘట్టంలో మెహ్రూన్స్ డేగన్ అనే విధ్వంస దేవత రాజధాని నడిబొడ్డున ప్రత్యక్షమవుతుంది. అప్పుడు మార్టిన్ తన ప్రాణాన్ని త్యాగం చేసి, మహా డ్రాగన్‌గా మారి డేగన్‌ను ఓడించి, శిలగా మిగిలిపోతాడు. ఆ సమయంలో ఆటగాడు చేసేది పక్కన నిలబడి చూడటం మాత్రమే.

జానపద చిత్రంలో మాంత్రికుడితో ఆఖరి పోరాటాన్ని కథానాయకుడికి బదులు యువరాజు ముగించేస్తే ఎలా ఉంటుందో, చాలామందికి ఇది అలా అనిపించింది. కథగా చూస్తే మార్టిన్ త్యాగంలో లోపమేమీ లేదు. రాజుగా ఉండటానికి మొదట సందేహించిన మనిషి, రాజ్యం కోసం చివరికి ప్రాణమే ఇచ్చాడు. ఈ ముగింపును సమర్థించేవారు చూపించేది ఆ మార్పునే. కానీ అది మార్టిన్ కథకు ముగింపు. ఆటగాడి కథకు కాదు.

అయినా ‘ఆబ్లివియన్’ ఒక వెసులుబాటు ఇచ్చింది. ప్రధాన కథ ముగిసినా ఆట ఆగదు. ఆటగాడు వీరుడిగా గౌరవం పొంది, తనకు తోచినన్ని రోజులు ఆ లోకంలో తిరగవచ్చు. 2011లో వచ్చిన ‘స్కైరిమ్’ కూడా ఇదే పద్ధతిని పాటించింది. ఫలితంగా ముగింపు బలహీనంగా ఉన్నా, అది ఆట మొత్తానికీ ఆఖరి మాట కాలేదు.

‘ఫాలౌట్ 3’పై ఆగ్రహం ఎందుకు?

‘ఫాలౌట్ 3’ కథ 2277లో, అణుయుద్ధంలో ధ్వంసమైన వాషింగ్టన్ పరిసరాల్లో సాగుతుంది. భూగర్భ ఆశ్రయంలో పెరిగిన యువ ఆటగాడు, తన తండ్రిని వెతుక్కుంటూ బయటకు వస్తాడు. కలుషితమైన నదీజలాలను శుద్ధి చేసి అందరికీ తాగునీరు అందించాలన్నది ఆ తండ్రి ఆశయం. ఆ ప్రయత్నంలోనే ఆయన ప్రాణాలు కోల్పోతాడు.

ముగింపులో శుద్ధి యంత్రాన్ని నడిపించాలంటే ఎవరో ఒకరు ప్రాణాంతక రేడియేషన్ నిండిన గదిలోకి వెళ్లాలి. ఆటగాడు తానే వెళ్లి మరణించవచ్చు. లేదా సారా లయన్స్ అనే సైనికురాలిని పంపించవచ్చు. తండ్రి త్యాగాన్ని సంతానం కొనసాగించడం అనే ఆలోచన నిజానికి గంభీరమైనదే.

చిక్కు వచ్చింది మరోచోట. రేడియేషన్ ఏమాత్రం హాని చేయని సహచరులు ఆటగాడి పక్కనే ఉండవచ్చు. వారిలో ఫాక్స్ అనే మహాకాయుడు ఒకడు. అంతకుముందు ఒక ఘట్టంలో రేడియేషన్ నిండిన గదిలోకి వెళ్లి కావలసిన పరికరాన్ని తెచ్చిపెట్టింది అతడే. చివరి ఘట్టంలో మాత్రం, ఇది నీ విధి, నీ నుంచి దాన్ని లాక్కోలేనని చెప్పి తప్పుకుంటాడు.

ఆటగాళ్లకు ఇక్కడే కోపం వచ్చింది. త్యాగం చేయాల్సి వచ్చినందుకు కాదు, ఆ త్యాగానికి అవసరం లేకపోయినందుకు. ఆట తాను పెట్టిన నియమాన్ని తానే మరిచిపోయింది. దానికి తోడు ఆ ఘట్టంతో ఆట పూర్తిగా ముగిసేది. చూడని ఊళ్లు, మిగిలిపోయిన పనులు ఉన్నవారు పాత సేవ్‌కు తిరిగి వెళ్లక తప్పేది కాదు.

ఈ విమర్శకు సంస్థ స్పందించింది. 2009 మే నెలలో పీసీ, ఎక్స్‌బాక్స్ 360ల కోసం ‘బ్రోకెన్ స్టీల్’ అనే అదనపు భాగాన్ని విడుదల చేసింది. అందులో ఆటగాడు రెండు వారాల తర్వాత స్పృహలోకి వస్తాడు, ఆట కొనసాగుతుంది. ఫాక్స్ వంటి సహచరులను ఆ గదిలోకి పంపే అవకాశమూ వచ్చింది. అయితే ఆ భాగాన్ని డబ్బు చెల్లించి కొనాల్సి రావడంతో, ముగింపును విడిగా అమ్ముతున్నారన్న విమర్శ కూడా వినిపించింది.

భారత్‌కు రాని ‘ఫాలౌట్ 3’

ఈ గేమ్‌కు భారత్‌తో మరో రకమైన సంబంధం ఉంది. 2008 అక్టోబరులో ఎక్స్‌బాక్స్ 360 కోసం ‘ఫాలౌట్ 3’ని భారత్‌లో విడుదల చేయబోమని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. సాంస్కృతిక సున్నితత్వాలను కారణంగా చూపింది తప్ప, అవి ఏమిటో వివరించలేదు. గేమ్‌లో రేడియేషన్ వల్ల రూపం మారిన రెండు తలల ఆవులు ఉండటం, వాటిని ‘బ్రాహ్మిన్’ అని పిలవడం ఇందుకు కారణం కావచ్చని అప్పటి వార్తా కథనాలు పేర్కొన్నాయి.

విషాదానికి, నిరాశకు తేడా

ఆటగాళ్లు సుఖాంతాన్నే కోరుకుంటారన్న అభిప్రాయం ఒకటుంది. గేమ్‌ల చరిత్ర దాన్ని బలపరచదు.

1997లో వచ్చిన మొదటి ‘ఫాలౌట్’లో, తన ఆశ్రయవాసుల కోసం నీటి శుద్ధికి కావలసిన చిప్‌ను 150 రోజుల్లో తెచ్చిపెట్టడం ఆటగాడి కర్తవ్యం. అది నెరవేర్చి, మరింత పెద్ద ముప్పును కూడా తొలగించి తిరిగి వచ్చిన అతణ్ని ఆశ్రయాధికారి లోపలికి రానివ్వడు. నీవల్ల మేం బతికాం, కానీ నువ్వు మాతో ఉండకూడదంటాడు. ఇంతకంటే చేదు ముగింపు అరుదు. అయినా దాన్ని ఇప్పటికీ మెచ్చుకునేవారే ఎక్కువ. బయటి లోకం మనిషిని మార్చేస్తుందని ఆట మొదటినుంచీ చెబుతూ వచ్చింది. ముగింపు ఆ మాటనే నిలబెట్టింది.

2010 నాటి ‘ఫాలౌట్: న్యూ వెగాస్’ను అబ్సిడియన్ ఎంటర్‌టైన్‌మెంట్ రూపొందించింది. హూవర్ డ్యామ్ యుద్ధంతో అది పూర్తిగా ముగుస్తుంది. ఆ తర్వాత ఆడటానికి ఏమీ ఉండదు. అదే పని ‘ఫాలౌట్ 3’ చేసినప్పుడు వచ్చినంత నిరసన దీనికి రాలేదు. ప్రాంతాన్ని ఏ పక్షం చేతికి అప్పగించాలన్నది ఆటగాడే నిర్ణయిస్తాడు. ఆపై ఒక్కో ఊరికి, ఒక్కో సహచరుడికి ఏం జరిగిందో చిత్రాలతో, వ్యాఖ్యానంతో చూపిస్తారు. పర్యవసానం చూపిస్తానన్న మాటను ఆట నిలుపుకుంది.

ఫాంటసీలోనూ ఇలాంటి ఉదాహరణ ఉంది. 2009లో బయోవేర్ సంస్థ విడుదల చేసిన ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’ కూడా ‘ఫాలౌట్ 3’ లాగే ప్రాణత్యాగాన్ని కోరుతుంది. శత్రువును చివరి దెబ్బ కొట్టినవాడు మరణించక తప్పదు. అయితే ఆ నియమాన్ని యుద్ధానికి ముందే స్పష్టం చేస్తారు. మోరిగన్ అనే మాంత్రికురాలు తప్పించుకునే దారి కూడా చూపుతుంది. దానికి చెల్లించాల్సిన మూల్యం వేరే ఉంటుంది. ఏ దారి ఎంచుకున్నా, అది ఆటగాడి నిర్ణయమే అవుతుంది.

మంచి ముగింపు ఎందుకంత కష్టం?

ఒక చిన్న లెక్క చూస్తే సమస్య అర్థమవుతుంది. ఆటలో రెండేసి మార్గాలున్న నిర్ణయాలు పది ఉంటే, సాధ్యమయ్యే కలయికలు 1,024. ప్రతి కలయికకూ విడిగా దృశ్యాలు, సంభాషణలు, గాత్రాలు సిద్ధం చేయడం ఏ సంస్థకూ సాధ్యం కాదు. అందుకే చాలా కథలు మధ్యలో విస్తరించి, చివరికి ఇరుకైన దారిలోకి చేరతాయి.

బయోవేర్ 2012 మార్చిలో విడుదల చేసిన ‘మాస్ ఎఫెక్ట్ 3’ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. అంతరిక్షంలో సాగే ఈ కథలో మూడు గేమ్‌ల పాటు తీసుకున్న నిర్ణయాలు, చివరికి మూడు మార్గాల ఎంపికగా కుదించుకుపోయాయి. వాటి దృశ్యాల మధ్య ప్రధానంగా కనిపించే తేడా కాంతి రంగులోనే అని ఆటగాళ్లు నిరసించారు. ఆ ఉద్యమంలో భాగంగా ఒక బాలల సహాయ సంస్థ కోసం 80,000 డాలర్లకు పైగా విరాళాలు కూడా సేకరించారు. అదే ఏడాది జూన్‌లో బయోవేర్ ముగింపును విస్తరించి ఉచితంగా అందించింది. మూల కథను మాత్రం మార్చలేదు.

2023లో వచ్చిన ఫాంటసీ గేమ్ ‘బాల్డర్స్ గేట్ 3’ విషయంలోనూ ముగింపు హడావుడిగా ఉందన్న మాట వినిపించింది. అదే ఏడాది నవంబరు 30న విడుదలైన అప్‌డేట్‌లో, ఆరు నెలల తర్వాత సహచరులంతా మళ్లీ కలుసుకునే ఘట్టాన్ని లారియన్ స్టూడియోస్ చేర్చింది. ఆటగాళ్లు కోరింది మరో యుద్ధాన్ని కాదు, తమతో నడిచినవారికి వీడ్కోలు చెప్పే సమయాన్ని.

ముగింపును మార్చవచ్చా?

రచయిత రాసిన ముగింపును ఆటగాళ్ల ఒత్తిడితో మార్చడం సరికాదనే వాదన బలంగానే ఉంది. కానీ ముగింపులు మారడం కొత్త సంగతి కాదు. ఉత్తరకాండలో సీత భూమిలో కలిసిపోతే, భవభూతి తన ‘ఉత్తరరామచరితం’ నాటకంలో సీతారాములను తిరిగి కలిపాడు. తిక్కన ‘నిర్వచనోత్తర రామాయణం’లో రామనిర్యాణ ఘట్టాన్ని రాయకుండా విడిచిపెట్టగా, దాన్ని జయంతి రామభట్టు పూర్తిచేశాడు. 1975 నాటి ‘షోలే’లో ఠాకూర్ చేతిలో గబ్బర్ మరణించే ముగింపును సెన్సార్ అభ్యంతరాల వల్ల మార్చాల్సి వచ్చింది.

భారతీయ నాట్యశాస్త్రం రూపకానికి ఐదు సంధులు చెప్పింది. చివరిదైన నిర్వహణ సంధిలో, అంతకుముందు నాలుగు సంధుల్లో చెదిరి ఉన్న అంశాలన్నీ ఒక ఫలం వైపు చేరాలి. మొదట నాటిన బీజమే చివర ఫలించాలి. ఈ కొలతతో చూస్తే, ‘ఆబ్లివియన్’లో ఆటగాడు నాటిన బీజం మార్టిన్ చేతిలో ఫలించింది. ‘ఫాలౌట్ 3’లో అంతకుముందు నాటిన బీజాన్ని చివర లెక్కలోకే తీసుకోలేదు. ‘న్యూ వెగాస్’లో చెదిరిన అంశాలు చాలావరకు ఒకచోటికి చేరాయి.

2024లో ‘ఫాలౌట్’ వెబ్ సిరీస్ రాకతో ఆ గేమ్‌లు కొత్త తరానికి చేరాయి. 2025 ఏప్రిల్ 22న ‘ఆబ్లివియన్’ కొత్త దృశ్యహంగులతో మళ్లీ విడుదలైంది. వెలుగునీడలు, రూపురేఖలు మారాయి గానీ కథ మారలేదు. ఇప్పుడు కూడా ఆఖరి ఘట్టంలో డ్రాగన్‌గా మారేది మార్టినే. ఆటగాడు పక్కన నిలబడి చూడాల్సిందే.