కాపలా తుపాకీకి కాపలా ఎవరు?

సూరత్ నగరంలో డిండోలి ఒక శ్రామిక వాడ. ఉధనా, లింబాయత్‌ల వలెనే ఇక్కడ కూడా తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. వీరిలో పద్మశాలీలు ఎక్కువ. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోందంటే అక్కడ మనవారి ఉనికి ఎంతటిదో ఊహించవచ్చు.

ఇటువంటి వాడల్లో ఏటీఎం ముందు నగదు వాహనం ఆగడం నిత్యకృత్యం. తలుపు తెరుచుకుంటుంది. పన్నెండు బోర్ తుపాకీని చంకలో ఇరికించుకొని గార్డు దిగుతాడు. గొట్టం నేలకు సమాంతరంగా ఉంటుంది. అతడు ఇటు తిరిగితే అది ఇటు తిరుగుతుంది, అటు తిరిగితే అటు. దాని ఎదురుగా కూరగాయల బండి ఉండవచ్చు, బడి నుంచి వస్తున్న పిల్లలు ఉండవచ్చు. ఎవరూ పక్కకు తప్పుకోరు. డిండోలిలోనే కాదు, హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ మనం రోజూ చూస్తూ చూడనట్టు సాగిపోయే దృశ్యమిది.

దీనిని ఒక గార్డు అజాగ్రత్తగా లెక్కగట్టి వదిలేస్తే అసలు ప్రశ్న మరుగునపడుతుంది. ఆ తుపాకీ కాపాడేది ఒకరి సొత్తును. దాని వల్ల ముప్పు ఏర్పడేది దారిన పోయే మరొకరికి. మరి దానికి జవాబుదారీ ఎవరు? యజమానా, ఏజెన్సీనా, గార్డా, ప్రభుత్వమా? ఈ ప్రశ్న కొత్తది కాదు. సూరత్ చరిత్రలోనే దాని మూలాలు మూడున్నర శతాబ్దాల లోతున ఉన్నాయి.

1664 జనవరిలో శివాజీ సూరత్‌పై దాడి చేసినప్పుడు అది మొగలు సామ్రాజ్యపు అత్యంత సంపన్నమైన రేవు పట్టణం. నగర రక్షణకు బాధ్యుడైన గవర్నరు ఇనాయత్ ఖాన్ కోటలో దాక్కున్నాడు. అయిదు వందల మంది సైనికుల పేరిట అతడు జీతాలు తీసుకొంటూ వాటిని సొంతానికి వాడుకొన్నాడని చరిత్రకారుడు జదునాథ్ సర్కార్ రాశారు. ఆనాటి మహా వర్తకుడు వీర్జీ వోరా భవనం దోపిడీకి గురైంది. జార్జ్ ఆక్సెండెన్ నాయకత్వంలోని ఆంగ్లేయులు మాత్రం సొంత ఆయుధాలతో తమ గిడ్డంగిని కాపాడుకొన్నారు. ఔరంగజేబు వారిని మెచ్చి సుంకాల్లో రాయితీ ఇచ్చాడు.

రాజ్యం చేతులెత్తేసిన చోట సొంత తుపాకీ ఉన్నవాడు నిలిచాడు. రాజ్యం అతడికే బహుమానం ఇచ్చింది. పర్యవసానం తెలిసిందే. తన సరుకుకు కాపలా పెట్టుకొన్న కంపెనీ 1759లో సూరత్ కోటనే స్వాధీనం చేసుకొంది. పైగా అది మొగలు చక్రవర్తి పేరిట ఆ కోటకు కిల్లాదారు కూడా అయింది. కాపలాదారుకు కాపలా లేనప్పుడు కోట చేతులు మారుతుందని మన దేశంలో మొదట నేర్చుకోవలసిన నగరం సూరతే.

గుజరాత్‌నూ మన ప్రాంతాన్నీ కలిపే అధ్యాయం మరొకటి ఉంది. పద్దెనిమిదో శతాబ్ది చివరికి బరోడా గైక్వాడ్‌ల కొలువులోనూ హైదరాబాద్ నిజాం రాజ్యంలోనూ అరబ్బు సిపాయిల బలం పెరిగింది. వారి జీతాలకు షాహుకార్లు హామీ పడేవారు. జీతం బాకీ పడితే తుపాకీ ప్రభువు వైపే తిరిగేది. బరోడా నుంచి అరబ్బు దళాలను వెళ్లగొట్టడానికి 1802లో ఇంగ్లీషు సైన్యం రావలసి వచ్చింది. ఆ సాయానికి మూల్యంగా గైక్వాడ్ తన స్వతంత్రాన్ని చాలావరకు పోగొట్టుకొన్నాడు.

హైదరాబాద్‌లో అరబ్బు జమేదార్లు స్వయంగా వడ్డీ వ్యాపారులయ్యారు. తాలూకాలు తాకట్టు పట్టారు. బాకీదార్లను తమ ఇళ్లలో బంధించి వసూళ్లు సాగించారు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ తన మూడు దశాబ్దాల పాలనలో ఎక్కువ శ్రమ పడిన పనుల్లో ఒకటి ఈ ప్రైవేటు తుపాకులను అదుపులోకి తేవడం. తాకట్టు పడిన తాలూకాలను విడిపించి, న్యాయస్థానాలు, జిల్లాల పాలన, పోలీసు శాఖ నెలకొల్పాకే ఆ ఆగడాలు తగ్గుముఖం పట్టాయి. సాలార్‌జంగ్ ఆ సిపాయిలకు బుద్ధులు చెప్పి ఊరుకోలేదు; తుపాకీ పట్టినవాడు ఎవరికి జవాబు చెప్పాలో నిర్ణయించాడు. ఆయన సంస్కరణల సారం అదే.

అయితే గ్రామాల్లో ఆ పని పూర్తి కాలేదు. 1946 జూలై 4న కడవెండిలో సంఘం ఊరేగింపుపై విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. తెలంగాణ సాయుధ పోరాటం రగలడానికి ఆ తూటా కారణమైంది. ఆ తుపాకులు రాజ్యానివి కావు, దొర సొంత కావలివి. డిండోలిలో నేడు మగ్గం నడుపుతున్న అనేక కుటుంబాల తాత ముత్తాతలు ఆ గడీల నీడలో బతికినవారే. తుపాకీ గొట్టం ముందు నుంచి నోరు మెదపకుండా నడిచిపోవడం వారికి నిన్న మొన్న అబ్బిన అలవాటు కాదు.

ఇక చట్టం సంగతి. 1857 అనుభవం తర్వాత భారతీయుల చేతిలో ఆయుధం ఉండటాన్ని బ్రిటిష్ ప్రభుత్వం సహించలేకపోయింది. లిట్టన్ హయాంలో వచ్చిన 1878 ఆయుధ చట్టం భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేసి, యూరోపియన్లను మినహాయించింది. ఈ వివక్షను జాతీయోద్యమం మొదటి నుంచీ ప్రశ్నించింది. 1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెస్ మహాసభ ఆ చట్టంపై తీర్మానం చేసింది. 1931 కరాచీ తీర్మానంలోని ప్రాథమిక హక్కుల జాబితాలో నిబంధనలకు లోబడి ఆయుధం కలిగి ఉండే హక్కు కూడా చేరింది.

కానీ స్వాతంత్ర్యం వచ్చాక ఆలోచన మారింది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఈ హక్కును రాజ్యాంగంలో చేర్చాలని కోరగా అంబేడ్కర్ వ్యతిరేకించారు, సభ తిరస్కరించింది. ఆయుధం హక్కు కాదు, షరతులతో కూడిన అనుమతి మాత్రమేనన్నది గణతంత్రం తీసుకొన్న నిర్ణయం. 1959 ఆయుధ చట్టం ఆ పునాది మీదే నిలిచింది.

ఆర్థిక సంస్కరణల అనంతరం ఆ పునాది పక్కన మరో కట్టడం లేచింది. బ్యాంకులు, ఏటీఎంలు, నగల దుకాణాలు, వజ్రాల కార్యాలయాలు పెరిగాయి. పోలీసు బలగం ఆ వేగంతో పెరగలేదు. ఖాళీని ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీలు నింపాయి. వాటిని నియంత్రించడానికి పార్లమెంటు 2005లో చట్టం చేసింది. దాని కింద 2006లో వచ్చిన కేంద్ర నమూనా నిబంధనల ప్రకారం గార్డుకు కనీసం 160 గంటల శిక్షణ ఇవ్వాలి. అందులో 100 గంటలు తరగతి గదిలో, 60 గంటలు క్షేత్రంలో. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు ఇది తక్కువ. పాఠ్యాంశాల జాబితా పొడుగైనదే: ప్రథమ చికిత్స, అగ్నిమాపకం, జనసమూహ నియంత్రణ, చివరకు పోలీసు, సైనిక హోదా చిహ్నాలను గుర్తుపట్టడం కూడా. అదే జాబితాలో తుపాకీ వాడకం కూడా ఉంది. దాని పక్కన మాత్రం 'ఐచ్ఛికం' అని రాశారు.

2018లో కేంద్ర హోంశాఖ నగదు రవాణాకు వేరుగా నమూనా నిబంధనలు ప్రకటించింది. ప్రతి వాహనంలో ఇద్దరు సాయుధ గార్డులు ఉండాలంది. ఒక్కో ప్రయాణంలో 5 కోట్ల రూపాయలకు మించి తరలించరాదంది. నగరాల్లో రాత్రి 9 దాటాక ఏటీఎంలలో నగదు నింపరాదంది. సిబ్బంది పూర్వాపరాల తనిఖీ గురించీ శిక్షణ గురించీ చెప్పింది. దోపిడీల నుంచి డబ్బును కాపాడటానికి ఇవి అవసరమైనవే. దారిన పోయేవారి కోణం నుంచి చూస్తే మాత్రం వీధుల్లో తిరిగే తుపాకుల సంఖ్య పెరిగింది. వాటిని పట్టుకొన్న చేతులు చివరిసారి ఎప్పుడు లక్ష్యసాధన చేశాయో అడిగే వ్యవస్థ వీధి దాకా రాలేదు.

అసలు ఆ తుపాకీ ఎవరిది? చాలా సందర్భాల్లో అది ఏజెన్సీది కాదు, గార్డుదే. ఊళ్లో ఆత్మరక్షణ కోసమో పంట రక్షణ కోసమో తీసుకొన్న లైసెన్సు నగరంలో బతుకుతెరువు అవుతుంది. సొంత తుపాకీ ఉంటే జీతం కాస్త ఎక్కువ. కనుక లైసెన్సు అంటే కొలువు, కొలువు కోసం ఎలాగైనా లైసెన్సు! నకిలీ లైసెన్సుల దందా పుట్టింది ఈ గిరాకీ నుంచే. 2022లో హైదరాబాద్ పోలీసులు అటువంటి ముఠాను పట్టుకొన్నప్పుడు నకిలీ పత్రాలపై కాపలా కాస్తున్న గార్డుల నుంచి పదుల సంఖ్యలో పన్నెండు బోర్ తుపాకులు స్వాధీనం చేసుకొన్నారు.

ఇక్కడ చట్టానికీ కొలువుకూ మధ్య ఒక వైరుధ్యం ఉంది. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సుదారు బహిరంగ స్థలంలో తుపాకీని తగిన ఒరలోనో సంచిలోనో పూర్తిగా కప్పి, తన అదుపులో ఉంచుకోవాలి, జనంలో ఝళిపించకూడదు. గార్డును కొలువులో పెట్టుకొన్నదే తుపాకీ నలుగురికీ కనిపించడానికి. దాచమనే షరతు ఒకటి, చూపమనే జీతం ఒకటి. ఈ రెంటి నడుమ నలిగేవాడు గార్డు. తెలుగు రాజకీయాలు ఈ ప్రదర్శనకు మరింత మర్యాద తెచ్చిపెట్టాయి. 'వన్ ప్లస్ వన్', 'టూ ప్లస్ టూ' అని గన్‌మన్ల లెక్కతో నాయకుడి స్థాయిని కొలిచే సమాజంలో తుపాకీ ప్రమాదకరమైన పనిముట్టుగా కాక అలంకారంగా కనిపించడంలో వింతేముంది?

మన భాష కూడా ఈ నిర్లక్ష్యాన్ని కప్పిపుచ్చుతోంది. గార్డు చేతిలో తుపాకీ పేలితే పత్రికలు 'మిస్‌ఫైర్' అని రాస్తాయి. ఆ మాటకు అసలు అర్థం ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోవడం. పేలకూడనప్పుడు పేలినదానికి మనం ఆ పేరే పెట్టుకొన్నాం. అందులో కర్త లేడు. తుపాకీ దానంతటదే పేలినట్టు ధ్వనిస్తుంది. కానీ తుపాకులు సాధారణంగా కారణం లేకుండా పేలవు. తూటా నింపి ఉంచినందువల్ల, వేలు ట్రిగ్గర్ మీద పెట్టినందువల్ల, కుర్చీకి ఆనించినది జారిపడినందువల్ల, సుత్తి బయటికి ఉండే పాత నమూనాల్లో అది దేనికో తగిలినందువల్ల పేలుతాయి. పన్నెండు బోర్ గుళ్ల తూటా దూరం వెళ్లే కొద్దీ విచ్చుకొంటుంది కనుక ఎదుట ఒక్కరే ఉన్నా దెబ్బ పక్కవారికీ తగలవచ్చు.

2021 జూలైలో హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలోని ఒక బ్యాంకు శాఖలో మాటా మాటా పెరిగి గార్డు అక్కడి ఒప్పంద ఉద్యోగిపై కాల్పులు జరిపాడు. అది అజాగ్రత్త కాదు, ఆవేశం. అయితే ఆ ఆవేశానికి అందుబాటులో తూటా నింపిన తుపాకీ ఉంది. ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో నిజాం కోసం ఫిరంగుల కర్మాగారం పెట్టడంతో ఆ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది. అద్దె సేనల కాలం ముగిసిందని మనం అనుకొంటున్నాం.

చట్టంలో శిక్షలు లేకపోలేదు. 2019 సవరణ ప్రకారం ప్రాణాలకు ముప్పు కలిగేలా నిర్లక్ష్యంగా తుపాకీ వాడితే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ఉంది. కానీ ఇవన్నీ తుపాకీ పేలాక వచ్చేవి. ఆచరణలో వచ్చి పడేదీ గార్డు మీదే. పన్నెండు గంటల డ్యూటీ వేసిన ఏజెన్సీ, తక్కువ ధరకు కాంట్రాక్టు ఇచ్చిన బ్యాంకు, ఏళ్ల తరబడి తనిఖీ చేయని అధికార యంత్రాంగం సాక్షులుగా మాత్రమే మిగులుతాయి.

చేయవలసినవి అసాధ్యమైనవేమీ కావు. సాయుధ గార్డుకు ఆయుధ శిక్షణ పక్కనున్న 'ఐచ్ఛికం' అనే మాటను తొలగించాలి. ఏటా లక్ష్యసాధన, ఆయుధ తనిఖీ జరిపించి ఆ ఖర్చు ఏజెన్సీ భరించాలి. కొలువుకు వాడే తుపాకీకి ఏజెన్సీయే పూచీపడాలి. ప్రమాదం జరిగితే కాంట్రాక్టు ఇచ్చిన సంస్థ కూడా పరిహారంలో పాలుపంచుకోవాలి. గొట్టం నేల వైపు, వేలు ట్రిగ్గర్‌కు బయట, అవసరం లేనప్పుడు తుపాకీ తెరిచి తూటా వేరుగా: ఈ మూడు సూత్రాలు ప్రతి గార్డుకూ నోటికి రావాలి. శాసనసభల్లో ఈ ప్రశ్న అడగడానికి ఏ పార్టీకీ సిద్ధాంతం అడ్డురాదు. అడగకపోవడానికి కారణం ఒక్కటే: తుపాకీ కాపాడే సొత్తుకు గొంతు ఉంది, దాని ఎదుట నడిచిపోయే డిండోలి కార్మికుడికి లేదు. ఆ గొట్టం ఎవరి వైపు తిరిగి ఉన్నదో చూడటంతో ఈ చర్చ మొదలుకావాలి.