ముల్లర్ కణాలు

ముల్లర్ కణాలు కంటి లోపలి పొరయైన రెటీనా (నేత్రపటలం)లో ఉండే ఆధార కణాలు. 1851లో జర్మనీ శరీర నిర్మాణ శాస్త్రవేత్త హైన్రిష్ ముల్లర్ వీటిని వర్ణించాడు. ఆయన పేరే వీటికి నిలిచింది. రెటీనాలో మరికొన్ని రకాల ఆధార కణాలు ఉన్నప్పటికీ, దాని మందమంతటా ఒక అంచు నుండి మరో అంచు వరకు స్తంభాల వలె నిలిచేవి ఇవే.

విధులు

కాంతిని గ్రహించే దండ, శంకు కణాలకు, వాటి సంకేతాలను అందుకొనే నాడీ కణాలకు ఇవి ఊతమిస్తాయి. నాడీ కణాలు విడుదల చేసే గ్లుటమేటును పీల్చుకొని గ్లుటమిన్‌గా మారుస్తాయి. గ్లుటమేటు పేరుకుపోతే నాడీ కణాలకు అది విషతుల్యం. అధిక పొటాషియంను, నీటిని తొలగించే పని కూడా వీటిదే.

గాయానికి ప్రతిస్పందన

దెబ్బ తగిలినా, వ్యాధి సోకినా ముల్లర్ కణాలు ఉబ్బి, జి.ఎఫ్.ఏ.పి. అనే ప్రోటీనును అధికంగా తయారు చేస్తాయి. ఈ మార్పును గ్లియోసిస్ అంటారు. తొలి దశలో ఇది రక్షణ చర్యయే. నాడీ కణాలను కాపాడే పదార్థాలు విడుదలవుతాయి. అయితే ఆ స్థితి కొనసాగినపుడు కణాలు తమ సహజ విధులను వదలి, మచ్చ కణజాలాన్ని ఏర్పరుస్తాయి. కాపలాదారే అడ్డుగోడ కట్టినట్లు అవుతుందన్నమాట.

రెటీనా ఊడినపుడు

రెటీనా తన వెనుక పొర నుండి విడిపోయినపుడు ఈ ప్రతిస్పందన అతి వేగంగా సాగుతుంది. పిల్లులపై జరిపిన ప్రయోగాలలో కణ విభజన ఒక రోజులోనే మొదలై, మూడు నాలుగు రోజులకు గరిష్ఠ స్థాయికి చేరింది. మనుషులలో శస్త్రచికిత్స తరువాత కూడా కొందరిలో, అనగా సుమారు 5 నుండి 10 శాతం మందిలో, ముల్లర్ కణాలు ఇతర కణాలతో కలిసి రెటీనాపై పొరలు కట్టి, దానిని ముడతలుగా లాగి మళ్ళీ ఊడదీస్తాయి. ఊడిన స్థితి ఎక్కువకాలం కొనసాగితే ఈ ప్రమాదం పెరుగుతుంది.

కనుక కాలయాపన చేయరాదు. కంట్లో మెరుపులు, అకస్మాత్తుగా తేలే నల్లని చుక్కలు, ఒక ప్రక్క నుండి తెర దిగినట్లుండటం దీని లక్షణాలు. నొప్పి ఉండదు. రెండవ కన్ను బాగుంటే లోపం తెలియకపోవచ్చును కూడా. పచ్చచుక్క ఊడక ముందే చికిత్స జరిగితే సూక్ష్మ దృష్టి నిలిచే అవకాశం ఎక్కువ. ధర్మవరం పట్టు నేతగాండ్ర వంటి వారికి అది జీవనోపాధియే. శ్రీ సత్యసాయి జిల్లాలోని ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఒకే రైలు మార్గంపై ఉన్నాయి. అదే మార్గం బెంగళూరుకు చేరుతుంది. అక్కడ ప్రభుత్వ మింటో కంటి ఆసుపత్రి ఉంది. 1991లో పుట్టపర్తి సమీపాన ప్రశాంతి గ్రామంలో ప్రారంభమైన ఉచిత ఆసుపత్రిలోనూ కంటి విభాగం ఉంది.

మధుమేహం

మధుమేహ రెటీనా వ్యాధిలో ముల్లర్ కణాలు వి.ఇ.జి.ఎఫ్. అనే పదార్థాన్ని విడుదల చేయుట వలన రక్తనాళాలు కారి, పచ్చచుక్క వాస్తుంది. ఆ పదార్థాన్ని అడ్డుకొనే మందులనే కంటిలోకి సూదిద్వారా ఎక్కిస్తారు.

పునరుత్పత్తి

జీబ్రా చేపలో గాయం తరువాత ముల్లర్ కణాలే విభజన చెంది కొత్త నాడీ కణాలను ఇస్తాయి. చేపకు చూపు తిరిగి వస్తుంది. క్షీరదాలలో ఈ శక్తి లేదు. 2017లో అమెరికా పరిశోధకులు ఒక జన్యువును, ఒక రసాయనాన్ని ఉపయోగించి, గాయపడిన ఎలుకల కళ్ళలో ముల్లర్ కణాల నుండి కాంతికి స్పందించే నాడీ కణాలను పుట్టించారు. మనుషులకు ఈ విధానం ఇంకా చికిత్సగా అందుబాటులోకి రాలేదు.