పుస్తకంలోని అడవి, తెర మీది అడవి

మన పెద్దల కథలు పుస్తకాల్లో పుట్టలేదు. నెగడు చుట్టూ పుట్టాయి, డోలు దెబ్బ మీద నడిచాయి, పాటల్లో నిలిచాయి. మన కథ అచ్చులోకి ఎక్కింది చాలా ఆలస్యంగా. అది కూడా ఎక్కువగా బయటివారి కలంతోనే. ఆ అచ్చు కథల్లో కొన్ని తరువాత సినిమాలయ్యాయి. అంటే తెర మీద కనిపించే ఆదివాసి మన ముందుకు వచ్చేసరికి రెండు చేతులు మారి ఉంటాడు. మొదటిది రాసినవారి చెయ్యి, రెండవది తీసినవారి చెయ్యి. ప్రతి చేతిలోనూ అతని నుంచి కొంత జారిపోతుంది, అతనికి కొంత కొత్తగా అంటుకుంటుంది. ఏది పోయింది, ఏది అంటింది అని చూడటమే ఈ వ్యాసం పని.

ఈ పని ఎందుకని మా తోటి ఉపాధ్యాయులు కొందరు అడగవచ్చు. ఏజెన్సీ బడుల్లో పాఠాలు చెప్పే మాకు రోజూ ఎదురయ్యే విషయం ఒకటి ఉంది. ఇవాళ గూడెంలో పుస్తకం లేని ఇల్లు ఉంటుంది గానీ ఫోనులో సినిమా చూడని పిల్లవాడు ఉండడు. ఆ సినిమాల్లో ఆదివాసి అంటే తల మీద ఈకలు, నడుముకు ఆకులు, చేతిలో ఈటె, నోట్లో అర్థం లేని అరుపులు. ఆ పాత్ర రాగానే నవ్వేవాళ్ళలో మన పిల్లలు కూడా ఉంటారు. తమ తాతను చూసి తామే నవ్వుతున్నామని వాళ్ళకు తెలియదు. మందలిస్తే ఆ నవ్వు ఆగదు. దానికి ఎదురుగా మంచి కథను, మంచి సినిమాను పక్కపక్కన పెట్టి చూపించాలి. మాకు ఇష్టమైన కొన్నిటిని ఇక్కడ చెబుతున్నాం. ఇష్టమైనవైనా వాటిలో లోపాలు ఉన్నాయి. వాటినీ చెబుతాం.

ఒక వేటగాడి ప్రశ్న

అన్నిటికంటే ముందు చెప్పవలసింది 'మృగయా'. దీనికి మూలం 'శికార్' అనే ఒడియా చిన్న కథ. రాసినవారు భగవతీ చరణ్ పాణిగ్రాహి. ఆయన 1908లో పుట్టి 1943లో, చిన్న వయసులోనే కన్నుమూశారు. ఒడిశాలో అభ్యుదయ సాహిత్యానికి, కమ్యూనిస్టు ఉద్యమానికి పునాదులు వేసినవారిలో ఆయన ఒకరు. ఆ కథను మృణాల్ సేన్ 1976లో హిందీలో సినిమాగా తీశారు. నిర్మాత కె. రాజేశ్వరరావు. ఘినువా అనే వేటగాడిగా మిథున్ చక్రవర్తి, అతని భార్య డుంగ్రీగా మమతా శంకర్ నటించారు. మిథున్‌కు అదే మొదటి సినిమా. ఆ ఏడాది ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు ఈ సినిమాకు వచ్చింది, ఉత్తమ నటుడి అవార్డు మిథున్‌కు వచ్చింది.

కథ చిన్నదే. ఘినువా గురి తప్పని విలుకాడు. క్రూరమృగాన్ని కొట్టి తెచ్చి చూపిస్తే తెల్ల దొర బహుమతి ఇస్తాడు. ప్రభుత్వం తలకు వెల కట్టిన ఒక మనిషిని చంపినవాడికి కూడా బహుమతి దొరికింది. ఇది ఘినువాకు తెలుసు. ఊరిని పీల్చి తింటున్న షావుకారు చివరికి ఘినువా భార్య మీద చెయ్యి వేశాడు. ఘినువా అతన్ని చంపి, తల తెచ్చి దొర ముందు పెట్టాడు. అడవిలోని మృగాలన్నిటికంటే పెద్ద మృగాన్ని కొట్టాను కాబట్టి పెద్ద బహుమతి వస్తుందని నమ్మాడు. వచ్చింది ఉరిశిక్ష. ఎందుకు వేస్తున్నారో అతనికి చివరిదాకా అర్థం కాదు.

చరిత్ర పాఠం చెప్పేవారికి ఈ కథ విలువ తెలుస్తుంది. ఒకే ప్రభుత్వం ఒక చావుకు డబ్బు ఇచ్చింది, ఇంకొక చావుకు ఉరి వేసింది. మొదట చచ్చినవాడు ప్రభుత్వానికి శత్రువు. రెండవవాడు ప్రజలకు శత్రువు. చట్టం ఎవరి శత్రువును శత్రువుగా లెక్కపెడుతుంది అన్నదే ఘినువా ప్రశ్న. హత్య మంచిదని పిల్లలకు చెప్పడం మా ఉద్దేశం కాదు. న్యాయం అడగడానికి ఏ తలుపు తట్టాలో తెలియనివ్వకుండా ఒక జాతిని ఉంచితే ఏమవుతుందో చూపించడమే ఉద్దేశం. ఇది ఒడిశాకే చెందిన సంగతి కూడా కాదు. షావుకారు అప్పు కింద మన భూములు ఎలా పోయాయో మన గూడేల్లో ముసలివారిని అడిగితే చెబుతారు. ఆ దోపిడీని ఆపడానికే 1917లో ఏజెన్సీ భూముల చట్టం వచ్చింది. 1959లో భూబదలాయింపు నిబంధన వచ్చింది. దాన్ని బిగిస్తూ 1970లో మనం 1/70 అని పిలుచుకునే చట్టం వచ్చింది. 1/70 ఎందుకు పుట్టిందో చెప్పే పాఠానికి ముందు ఈ కథ చెప్పి చూడండి. పిల్లలు ప్రశ్నలు అడగడం మొదలుపెడతారు.

కథకూ సినిమాకూ తేడా ఎక్కడుంది? కథ దాదాపు అంతా ఘినువా మనసులోని లెక్క. సినిమాకు అది చాలదు. అందుకని సేన్ ఊరిని తెచ్చారు. పంటను పాడుచేసే అడవి పందులను, పెళ్ళిని, ఆటపాటలను, తిరుగుబాటు చేసిన యువకుణ్ణి, అతన్ని పట్టిచ్చినవాణ్ణి తెచ్చారు. కథలో ఘినువా ఒంటరిగా మిగులుతాడు. సినిమాలో అతని ఉరివేళకు ఊరు ఊరంతా కొండ మీద లేచి నిలబడుతుంది. మాకు ఈ మార్పు నచ్చింది. ఆదివాసి ఒక్కడిగా బతకడు, ఒక్కడిగా చావడు. అయితే ఆ ఊరంతా హిందీ మాట్లాడుతుంది. ఊరు తెర మీదికి వచ్చింది గానీ ఊరి నోటి మాట రాలేదు.

చుట్టపుచూపు అడవి

రెండవది 'అరణ్యేర్ దిన్ రాత్రి'. సునీల్ గంగోపాధ్యాయ్ బెంగాలీ నవలను సత్యజిత్ రే 1970లో సినిమాగా తీశారు. కలకత్తా నుంచి నలుగురు యువకులు పలామూ అడవులకు సెలవులు గడపడానికి వస్తారు. నవలలో వాళ్ళు రైల్లో వస్తారు, సినిమాలో కారులో వస్తారు. ఇది చిన్న మార్పులా కనిపించినా చిన్నది కాదు. కారులో వచ్చినవాడి డాబు వేరు.

ఆ నలుగురూ అనుమతి లేకుండా అటవీ బంగళాలో దిగుతారు. చౌకీదారు చేతిలో డబ్బు పెట్టి గది తెరిపిస్తారు. పక్కనే ఆ చౌకీదారు భార్య జబ్బుతో మంచాన పడి ఉంటుంది. చాలా రోజుల దాకా వాళ్ళకు అది పట్టదు. తమ పనులు చేసిపెట్టిన లఖా అనే మనిషి మీద పర్సు దొంగతనం మోపి కొట్టి పంపేస్తారు. దులీ అనే ఆదివాసి యువతిని ఒకడు డబ్బుతో లోబరుచుకుంటాడు. చివరికి లఖా కాపు కాసి, తనను కొట్టినవాణ్ణి అడవిలో కొడతాడు.

ఈ సినిమాను ప్రపంచమంతా మెచ్చుకుంది. మేమూ మెచ్చుకుంటాం. అడవికి సరదాగా వచ్చేవారి మనసులను రే లోపలిదాకా చూపించారు. మన ప్రాంతాల్లో జలపాతాల దగ్గరికి, కొండల మీదికి సెలవు రోజుల్లో కార్లు ఎలా వస్తున్నాయో చూస్తున్న మనకు ఆ నలుగురూ తెలిసినవారిలాగే ఉంటారు. కానీ ఒక మాట చెప్పక తప్పదు. దులీ పాత్రను వేసింది సిమీ గరేవాల్. తెల్లని ఆమె ఒంటికి నల్ల రంగు పూసి దులీని చేశారు. ఆ అడవిలో నల్లని ఆడపిల్లలు లేకనా? నలుగురు నగరవాసుల మనసులు చూపించడానికి అంత శ్రద్ధ పెట్టిన సినిమా, దులీ ఇంటికి వెళ్ళినప్పుడు ఏం ఆలోచించిందో చూపించలేదు. గొప్పవారి సినిమాలో కూడా మనం చుట్టాల వైపు నుంచే కనిపించాం.

వరి, తేనె

ఇంకొక రెండు సినిమాలు పని చుట్టూ తిరుగుతాయి. ఒకటి మలయాళంలో 'నెల్లు'. నెల్లు అంటే వడ్లు. రచయిత్రి పి. వత్సల వయనాడు ప్రాంతంలోని తిరునెల్లికి వెళ్ళి, అక్కడి అడియ జనం బతుకు చూసి నవల రాశారు. పేరుకు తగ్గట్టు అడియలు తరాల పాటు భూస్వాముల పొలాల్లో బానిసల్లా పనిచేశారు. వాళ్ళు పండించిన వడ్లు వాళ్ళవి కావు. 'చెమ్మీన్' తీసిన రాము కారియాట్ 1974లో దీన్ని తెరకెక్కించారు. అడియ స్త్రీ మారగా పేరున్న తార జయభారతి నటించారు. సలీల్ చౌధురి సంగీతం ఇచ్చారు, లతా మంగేష్కర్ ఒక పాట పాడారు. ఆ పాట ఇప్పటికీ కేరళలో మోగుతూనే ఉంది. నవలలోని చాకిరీ కంటే సినిమాలోని పాటే ఎక్కువ మందికి గుర్తుండిపోయింది. సినిమా అంటే ఇదీ ఒక ప్రమాదం.

రెండవది మరాఠీలో 'జైత్ రే జైత్'. గోపాల్ నీలకంఠ్ దాండేకర్ నవల ఆధారంగా జబ్బార్ పటేల్ 1977లో తీశారు. సహ్యాద్రి కొండల ఠాకర్ల కథ ఇది. డోలు వాయించే నాగ్యా కంటిని తేనెటీగ పాడు చేస్తుంది. కొండ మీది తేనెపట్లు దించి పగ తీర్చుకోవాలని అతని పట్టుదల. అతనికి తోడుగా నిలిచిన చింధీ చివరికి ఆ తేనెటీగల చేతిలోనే ప్రాణం పోగొట్టుకుంటుంది. నాగ్యాగా మోహన్ అగాషే, చింధీగా స్మితా పాటిల్ నటించారు. ఈ సినిమాలో ఆదివాసి ఎవరి దయకూ ఎదురుచూడడు. తన కొండ, తన దేవుడు, తన పాపపుణ్యాల గురించి తానే ప్రశ్నలు వేసుకుంటాడు. మన మనిషికి కూడా తాత్విక చింత ఉంటుందని ఒప్పుకున్న సినిమాలు తక్కువ. అందుకే ఇది మాకు ఇష్టం. కొండ తేనె తీసే ఇళ్ళ పిల్లలకు ఈ కథ విడమరచి చెప్పనక్కర లేదు.

తెలుగు నేల మీద

తెలుగులో ఈ వరసలో మొదట గుర్తుకు వచ్చేది 'మా భూమి'. కృష్ణ చందర్ ఉర్దూలో రాసిన 'జబ్ ఖేత్ జాగే' నవల దీనికి మూలం. నవలలో రాఘవరావు అనే యువకుడు ఉరికి ముందు రాత్రి జైల్లో తన బతుకంతా తలుచుకుంటాడు. బెంగాలీ దర్శకుడు గౌతం ఘోష్ ఆ పద్ధతి వదిలేసి, రామయ్య అనే పేద రైతు కొడుకు కథగా తిన్నగా నడిపించారు. నిర్మాతలు బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్. సినిమా 1980 మార్చిలో విడుదలైంది. తెలంగాణ పల్లె మాట, పల్లె పాట తెర మీద ఉన్నదున్నట్టు వినిపించాయి. ఉర్దూ నవల, బెంగాలీ దర్శకుడు అయినా సినిమా తెలంగాణదే అయింది. ఊరివాళ్ళ నోటి మాటను మార్చకపోవడమే అందుకు కారణమని మేము అనుకుంటాం.

ఇందులో చంద్రి అనే లంబాడీ అమ్మాయి ఉంది. రామయ్య ఆమెను ప్రేమిస్తాడు. దొర కన్ను ఆమె మీద పడుతుంది. ఆ దెబ్బతో రామయ్య ఊరు విడిచిపోతాడు, తరువాత పోరాటంలోకి వస్తాడు. మరి చంద్రి ఏమైంది? కథకు రామయ్య కోపం కావాలి, ఆ కోపం పుట్టించడానికి చంద్రి కావాలి. ఆమె బతుకు మీద కథ ఎక్కువసేపు ఆగదు. 'మృగయా'లో డుంగ్రీ, రే సినిమాలో దులీ, ఇక్కడ చంద్రి. ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూడమని మా విద్యార్థినులను కోరుతున్నాం. వీళ్ళ వైపు నుంచి కథ చెప్పవలసిన పని ఇంకా మిగిలే ఉంది.

కొమురం భీం సంగతి వేరుగా చెప్పుకోవాలి. 1940లో జోడెన్‌ఘాట్‌లో నేలకొరిగిన ఆ వీరుడి మీద సాహు, అల్లం రాజయ్య కలిసి నవల రాశారు. అల్లాణి శ్రీధర్ దర్శకత్వంలో ఆయన జీవితం 1990లో సినిమాగా తయారైంది, నంది అవార్డులూ వచ్చాయి. అయినా థియేటర్లలో విడుదల కావడానికి 2010 దాకా ఆగవలసి వచ్చింది. ఈకల వేషాల పాటకు తెర వెంటనే దొరుకుతుంది. నీళ్ళు, అడవి, భూమి కోసం పోరాడినవాడికి ఇరవై ఏళ్ళు పట్టింది. ఆ ఇరవై ఏళ్ళలో మన బడుల నుంచి ఒక తరం పిల్లలు ఆ బొమ్మ చూడకుండానే చదువు ముగించి వెళ్ళిపోయారు.

మనం చేయవలసింది

ఇప్పుడు ఉపాధ్యాయులకు రెండు మాటలు. సినిమా చూపించే ముందు కథ చెప్పండి. పుస్తకం దొరక్కపోతే నోటితోనే చెప్పండి, అది మనకు కొత్త కాదు. చూశాక మూడు ప్రశ్నలు అడగండి. ఈ సినిమాలో మనవాళ్ళు ఏ భాష మాట్లాడారు? మన వేషం ఎవరు వేశారు? కథ చివర ఎలా ఉండాలో ఎవరు తేల్చారు? ఈ మూడు ప్రశ్నలు నేర్చుకున్న పిల్లవాడు ఈకల ఆదివాసిని చూసి ఊరికే నవ్వి ఊరుకోడు.

యువతకు ఒకే మాట. 'శికార్' కొద్ది పేజీల కథ. రాసిన మనిషి 1943లోనే పోయారు. అయినా 1976లో ఆ కొద్ది పేజీలు ఒడిశా దాటి, భాష దాటి, దేశానికంతటికీ కనిపించాయి. కాగితం మీద లేని కథను సినిమా తీసేవాడు వెతుక్కుంటూ మన గూడేనికి రాడు. వచ్చినా తనకు తోచినట్టు తీసుకుపోతాడు. పైన చెప్పిన సినిమాల్లో ఒక్కదాని మూల కథను కూడా ఆదివాసి రాయలేదు. ఆ రచయితలు మనకు చేసిన మేలు మరిచిపోము. కానీ మన అవ్వ చెప్పిన కథను, మన భాషలోనే, తెలుగు లిపిలోనైనా సరే, మనం రాసిపెట్టుకుంటే రేపటి సినిమాకు మొదటి చెయ్యి మనదవుతుంది. ఈ సెలవుల్లో ఒక నోటు పుస్తకం తీసుకుని మీ గూడెంలో అందరికంటే పెద్దవారి దగ్గర కూర్చోండి. ఆమె ఏ కథ చెబితే అది, ఆమె మాటల్లోనే రాయండి. రాసింది మాకు చూపించండి. అచ్చు వేయించే పని మేము చూస్తాం.