సైకాలజీ అడ్వాన్స్‌డ్ డిప్లొమా: ఏ కాగితానికి ఎంత విలువ?

"డిగ్రీలో సైకాలజీ చదివాను అక్కా, ఏడాది అడ్వాన్స్‌డ్ డిప్లొమా చేస్తే సైకాలజిస్టునైపోతానా?" హాస్టళ్లలో మీటింగులకు వెళ్లినప్పుడల్లా మమ్మల్ని ఎవరో ఒకరు ఇలా అడుగుతూనే ఉన్నారు. 2016 జనవరి 17న రోహిత్ వేములను పోగొట్టుకున్న తర్వాత, తోటివాళ్ల బాధ వినే మనిషి మనలోంచే రావాలన్న కోరిక మన విద్యార్థుల్లో బలపడింది. 2019లో డాక్టర్ పాయల్ తడ్వి మరణం దాన్ని ఇంకా పెంచింది. ఆ కోరికను సొమ్ము చేసుకునే కోర్సులూ వీధికొకటి వెలిశాయి. అందుకే ఈ వివరాలు ఒకచోట రాస్తున్నాం.

మొదటి సంగతి, "అడ్వాన్స్‌డ్ డిప్లొమా" అనే పేరుకు మన దగ్గర ఒక స్థిరమైన స్థాయి లేదు. ఇంటర్ పాసైన ఎవరినైనా చేర్చుకునే ఆరు నెలల ఆన్‌లైన్ కోర్సుకూ అదే పేరు పెడతారు, ఎంఏ అయ్యాక పూర్తికాలం చేసే ఏడాది శిక్షణకూ అదే పేరు పెడతారు. కాబట్టి పేరు చూసి మోసపోవద్దు. దాన్ని ఎవరు గుర్తించారు, చివర్లో ఏ రిజిస్టర్‌లో మన పేరు ఎక్కుతుంది అని అడగాలి.

ఆ రిజిస్టర్ కథ ఇది. 1992 నాటి చట్టం కింద పనిచేసే భారత పునరావాస మండలి క్లినికల్ సైకాలజిస్టులు, రిహాబిలిటేషన్ సైకాలజిస్టుల పేర్లను కేంద్ర రిజిస్టర్‌లో నమోదు చేస్తుంది. అందులో పేరు లేకుండా ఆ వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఉత్త "కౌన్సెలర్" అన్న మాటకు మాత్రం ఆ చట్టంలో ఇలాంటి కంచె లేదు. కోర్సులు అమ్మేవాళ్లందరూ దూరేది ఈ సందులోనే. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం మిగతా సైకాలజిస్టులనూ, కౌన్సెలర్లనూ తన జాబితాలో చేర్చుకుంది. ఆ చట్టం లెక్కలో అనుబంధ ఆరోగ్య వృత్తికి కావలసిన చదువు కనీసం 2,000 గంటలు, రెండు నుంచి నాలుగేళ్లు. ఆరోగ్య వృత్తి నిపుణులకైతే 3,600 గంటల డిగ్రీ కావాలి. ఆరు నెలల సర్టిఫికెట్ వీటి దరిదాపుల్లోకి కూడా రాదు.

ఇదే చట్టాన్ని చూపించి యూజీసీ 2025 ఆగస్టులో సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పకూడదని విశ్వవిద్యాలయాలను ఆదేశించింది. నాణ్యత కోసమే అన్నారు. పర్యవేక్షణలో శిక్షణ లేకుండా మనుషుల మనసు మీద పనిచేయకూడదన్న మాటతో మాకు పేచీ లేదు. కానీ పగలు అంగన్‌వాడీలోనో ప్రైవేటు స్కూల్లోనో పనిచేస్తూ ఇగ్నోలో సైకాలజీ ఎంఏ చదవగలిగినవాళ్లు ఎవరు? ఊరు వదిలి నగరంలో రెండేళ్లు గది అద్దె కట్టలేనివాళ్లే. ఆ దారి మూసేముందు జిల్లాకో రెగ్యులర్ సీటు, హాస్టల్ ఏర్పాటు చేయాలన్న ఆలోచన కూడా చేయలేదు. దీని మీద విద్యార్థి సంఘాలు ఇంకా గట్టిగా మాట్లాడాల్సి ఉంది.

ఇక పనికొచ్చే కోర్సులు. సైకాలజీలో ఎంఏ లేదా ఎమ్మెస్సీ తర్వాత పునరావాస మండలి గుర్తించిన ఏడాది కోర్సులు రెండున్నాయి: ప్రొఫెషనల్ డిప్లొమా ఇన్ క్లినికల్ సైకాలజీ, పీజీ డిప్లొమా ఇన్ రిహాబిలిటేషన్ సైకాలజీ. ఏ సంస్థకు ఏ ఏడాదికి అనుమతి ఉందో మండలి జాబితాలోనే చూసుకోవాలి, కాలేజీ బ్రోషర్‌లో కాదు. పిల్లలతో పనిచేయాలనుకునేవాళ్లకు, ఢిల్లీలో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ కింది సంస్థ ఏడాది పాటు చెప్పే చైల్డ్ గైడెన్స్, కౌన్సెలింగ్ అడ్వాన్స్‌డ్ డిప్లొమా ఉంది. ఆ సంస్థకు ఇటీవలే సావిత్రీబాయి ఫూలే పేరు పెట్టారు. పేరుకు తగ్గట్టు సీట్లలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో అడగడం మన వంతు. టీచర్లకైతే ఎన్‌సీఈఆర్‌టీ డిప్లొమా అనువుగా ఉంటుంది: ఆరు నెలలు ఇంటి నుంచి, మూడు నెలలు ముఖాముఖి తరగతులు, మూడు నెలలు ఇంటర్న్‌షిప్. దక్షిణాదివాళ్లకు మైసూరు ప్రాంతీయ విద్యా సంస్థ దగ్గర.

సీటొచ్చాక అసలు సమస్య తరగతి గదిలో మొదలవుతుంది. మేము చదువుకున్న చోట కేస్ హిస్టరీ ఫారంలో కులం కోసం ఒక గడి ఉండేది. నింపి పక్కన పెట్టేవాళ్లం, దాని గురించి చర్చే ఉండేది కాదు. ఒకసారి మెస్‌కు వెళ్లడం మానేసిన హాస్టల్ విద్యార్థి కేసు ఇచ్చారు. "ఒంటరితనం, తక్కువ ఆత్మవిశ్వాసం, అనుమాన ధోరణి" అని రాసి చాలామంది మంచి మార్కులు తెచ్చుకున్నారు. మెస్‌లో అతని పక్కన ఎవరు కూర్చుంటున్నారు, ఏమంటున్నారు అని మాలో ఒకరు అడిగితే, అది సోషియాలజీ అమ్మా, మన పని కాదు అన్నారు. నిజంగా జరుగుతున్న అవమానాన్ని అనుమానం అని రాస్తే, ఆ రోగనిర్ధారణే ఇంకో అవమానం.

ఈ ప్రశ్న సైకాలజీకి కొత్తదేమీ కాదు. అమెరికాలో కెన్నెత్, మేమీ క్లార్క్ దంపతులు నల్ల, తెల్ల బొమ్మలతో చేసిన ప్రయోగాలు, జాతి వివక్ష పసిమనసులో ఏం చేస్తుందో చూపించాయి. 1954లో స్కూళ్లలో వేర్పాటును కొట్టేసిన తీర్పులో అక్కడి సుప్రీంకోర్టు క్లార్క్ పరిశోధనను ప్రస్తావించింది. 1968లో నల్లజాతి సైకాలజిస్టులు తమ సొంత సంఘం పెట్టుకున్నారు. మన దగ్గర 2007లోనే థొరాట్ కమిటీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల పట్ల వివక్షను రికార్డు చేసింది. దాన్ని కేస్ స్టడీగా చెప్పిన తరగతి మాకైతే ఎదురుకాలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ కులం పేరుతో వివక్ష లేని వైద్యం హక్కు అని స్పష్టంగా చెబుతోంది. తరగతిలో "అది మన పని కాదు" అన్నప్పుడు ఆ సెక్షన్ తీసి చూపించండి.

భాష సంగతి కూడా చెప్పాలి. పుస్తకాలన్నీ ఇంగ్లీషు, వచ్చేవాళ్ల బాధంతా తెలుగు. "గుండె దడగా ఉంది, మనసున పడట్లేదు" అన్నదాన్ని ఏ స్కేలులో ఎక్కించాలో ఏ మాన్యువలూ చెప్పదు. మన వాడల్లో పెరిగిన విద్యార్థికి ఇక్కడ మిగతావాళ్ల కంటే ఎక్కువే తెలుసు, ఇంగ్లీషు సెమినార్‌లో మాత్రం నోరు పెగలదు. అది తెలివికి కొలత కాదని మేము ఆలస్యంగా తెలుసుకున్నాం.

ఫీజు కట్టేముందు మూడు అడగండి: మండలి అనుమతి కాగితం, పర్యవేక్షించే సైకాలజిస్టు రిజిస్ట్రేషన్ నంబరు, క్లినిక్‌లో గడపాల్సిన గంటల లెక్క. గుర్తింపు లేని కోర్సుకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకుంటామంటే, జిరాక్సులు ఇచ్చి ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోండి.