విజయపురిలో పరదేశులు

మాచెర్లకు పడమట, నేడు నాగార్జునసాగర జలాశయము కప్పివేసిన కృష్ణాతీరపు లోయలో, క్రీస్తుశకము మూడవ శతాబ్దమున ఇక్ష్వాకు ప్రభువుల రాజధాని యగు విజయపురి వర్ధిల్లెను. 1926లో ఆ శిథిలముల జాడ తెలియవచ్చినది మొదలు, 1954-1960 సంవత్సరముల నడుమ ఆర్. సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యమున జరిగిన త్రవ్వకముల వరకును బయల్పడిన కోటగోడలను, స్నానఘట్టములను, మెట్ల వరుసల ప్రేక్షాగారమును, ముప్పదికి పైబడిన బౌద్ధారామములను వర్ణించినవారు పెక్కుమంది కలరు; కాని దూరదేశములనుండి వచ్చినవారిని ఆ నగరము తనలో కలుపుకొనిన తీరు, నా దృష్టిలో, ఆ కట్టడము లన్నింటికంటెను గొప్పది.

ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని పదునాల్గవ రాజ్యసంవత్సరమున బోధిసిరి యను ఉపాసిక వ్రాయించిన శాసనము నొకదానిని చూడుడు. గోవగామమునకు చెందిన ఈ గృహిణి, విజయపురికి తూర్పున శ్రీపర్వతముపై, చుళధమ్మగిరి విహారమున, రాతిపలకలు పరచిన చైత్యగృహమును కట్టించి, తామ్రపర్ణినుండి, అనగా సింహళమునుండి, వచ్చిన స్థవిరులకు సమర్పించెను. కాశ్మీర గాంధారములను, చీన దేశమును, తోసలిని, వంగమును, వనవాసిని, ద్రమిళమును ధర్మబోధచే ప్రసన్నము చేసినవారని ఆ ఆచార్యులను శాసనము కొనియాడుచున్నది. అంతియ కాక, సింహళవిహారమని పేరుపొందిన ఆరామమున బోధివృక్షమునకు ఆమె ప్రాసాదమును గూడ నిర్మింపజేసెను. పరదేశులకు తలదాచుకొన చోటిచ్చుట దయ. వారి దేశము పేరనే ఆరామము నిలుచుటకు, వారి ఆచారము ననుసరించి వారు పూజ సలుపుకొనుటకు వీలు కల్పించుట గౌరవము. విజయపురి ఈ రెండింటిని నెరవేర్చినది.

వచ్చినవారును చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఉజ్జయినీ మహారాజు కుమార్తెయై ఇక్ష్వాకు రాణివాసమున ప్రవేశించిన రుద్రధరభట్టారిక, వీరపురుషదత్తుని మేనత్త చాంతిసిరి పూనికతో సాగిన మహాచైత్య నిర్మాణమునకు ఒక శిలాస్తంభమును, 170 దీనార మాషకములను ఒసగెను. ఆమె పేరు స్థానిక రాజవంశ స్త్రీల పేర్ల సరసనే శిలపై నిలిచియున్నది. ఆభీరరాజు వసుసేనుని ముప్పదవ సంవత్సరమున అష్టభుజస్వామి విగ్రహమును ప్రతిష్ఠించిన సందర్భమున అవంతికి చెందిన శకుడు రుద్రదాముడును, సంజయపురికి చెందిన యోనరాజులును, వనవాసి ప్రభువును అచటి శాసనమున పేర్కొనబడిరి.

ఇట్టి ధర్మకార్యములు దాతల జీవితకాలముతో ముగిసిపోకుండుటకు నగరమున పటిష్ఠమైన ఏర్పాటు కలదు. అక్షయనీవి యనబడు ఆ పద్ధతిలో, మూలధనము చెడకుండ వడ్డీతోనే నియమితకార్యములను జరుపు బాధ్యతను వృత్తిశ్రేణులు వహించెడివి. నాగార్జునకొండ శాసన మొకటి ఒక శ్రేణియందు 70 దీనారములును, మరి మూడు శ్రేణులయందు పదేసి దీనారములును నిలువజేసిన సంగతిని తెల్పుచున్నది. వానిలో తమలపాకుల వర్తకులదియు, పిండివంటలు చేయువారిదియు నగు శ్రేణులు కలవు. ఆకులమ్మువాడును, అప్పములు వండువాడును ధర్మనిధికి పూచీదారులుగా నుండిన పట్టణమున, పురజీవనము కోటలోపలివారి సొత్తు మాత్రమే కాజాలదు గదా!

తరువాతి కాలమున ఇదే సీమలో బ్రహ్మనాయుడు మాచెర్ల చెన్నకేశవుని సన్నిధిని చాపకూడు నడపి, కులభేదము లేక అందరిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టెనని పలనాటివారు నేటికిని చెప్పుకొందురు. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగరమునకు శంకుస్థాపన చేసిన పిమ్మట, వేలాది శ్రామికులు నానా ప్రాంతములనుండి ఆ లోయకు వచ్చి రాళ్లు మోసిరి; పాత రాజధాని పేరుతోనే విజయపురి సౌత్ అను కొత్త ఊరు వెలసినది.

నేడును పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు, మిరపకాయల కోతలకు పొరుగు ప్రాంతముల కూలీలు కుటుంబములతో వచ్చుచునే యున్నారు. నాడు రాజానుగ్రహముచే, శ్రేణుల పూనికచే లభించిన స్థానము నేడు రాజ్యాంగము ప్రసాదించిన హక్కైనది. కనుక 1915లోనే పురపాలక సంఘమును పొందిన నరసరావుపేటయు, మాచెర్లయు, గురజాలయు స్థిరపడవచ్చిన వారి పేళ్లను ఓటరు జాబితాలో చేర్పించుటకు తోడ్పడి, వారి బిడ్డలకు బడిలో చోటు చూపి, వార్డు సభలో వారి మాట నాలకించుట ఉపకారము కాదు, విధి. చెమటోడ్చి ఊరిని నిలుపువారికి ఊరి వ్యవహారమున మాట లేకుండ జేయుట పలనాటి సంప్రదాయము కానే కాదు.