పాలస్తీనీయుల ఇళ్ల కూల్చివేత – ప్రణాళికా వివక్ష

1967 యుద్ధంలో తన అధీనంలోకి వచ్చిన వెస్ట్ బ్యాంక్, తూర్పు జెరూసలేంలలో ఇజ్రాయెల్ పాలస్తీనీయుల ఇళ్లను అనుమతి లేని కట్టడాలన్న ఆరోపణపైనో, సైనిక అవసరాల పేరుతోనో, దాడులకు పాల్పడినవారి కుటుంబాలకు శిక్షగానో కూల్చివేస్తోంది. వీటిలో మొదటి కారణానికి మూలం ప్రణాళికా విధానంలోనే ఉంది.

1967లో ఇజ్రాయెల్ సుమారు 70 చదరపు కిలోమీటర్ల భూభాగాన్ని జెరూసలేం పురపాలక పరిధిలో కలుపుకొంది. అందులో మూడో వంతుకు పైగా భూమిని స్వాధీనం చేసుకుని యూదుల నివాసాలకు మళ్లించగా, పాలస్తీనీయుల నిర్మాణాలకు కేటాయించినది సుమారు 13 శాతమే. అదీ చాలావరకు ఇదివరకే ఇళ్లతో నిండి ఉంది. సవివర ప్రణాళిక ఆమోదం పొందని చోట అనుమతి దొరకదు కనుక, పెరిగిన కుటుంబాలు అనుమతి లేకుండానే గదులు కట్టుకుంటాయి. అధికారులు కూల్చితే ఆ ఖర్చు కూడా యజమానిపైనే పడుతుంది కాబట్టి, తమ ఇంటిని తామే కూల్చుకునేవారూ ఉన్నారు.

1995 నాటి రెండవ ఓస్లో ఒప్పందం వెస్ట్ బ్యాంక్‌ను ఎ, బి, సి ప్రాంతాలుగా విభజించింది. దాదాపు 60 శాతం భూమి ఉన్న ‘సి’ ప్రాంతంలో ప్రణాళికాధికారం ఇజ్రాయెల్ సైన్యం కింద పనిచేసే పౌర పరిపాలనా విభాగానిదే. జోర్డాన్ చట్టం ప్రకారం ఏర్పడిన స్థానిక ప్రణాళికా సంఘాలను 1971 నాటి 418వ సైనిక ఉత్తర్వు రద్దు చేయడంతో పాలస్తీనీయులకు ఆ నిర్ణయాలలో పాత్ర లేకుండా పోయింది. ఇజ్రాయెలీ సెటిల్‌మెంట్లకు మాత్రం ప్రత్యేక సంఘాలు ఏర్పడ్డాయి. హెబ్రాన్‌కు దక్షిణాన మసాఫర్ యట్టా గ్రామాలను సైనిక శిక్షణ క్షేత్రంగా ప్రకటించగా, అక్కడివారిని ఖాళీ చేయించడానికి ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు 2022 మేలో అనుమతించింది.

శిక్షగా ఇళ్లు కూల్చడానికి ఆధారం 1945లో బ్రిటిష్ పాలకులు తెచ్చిన అత్యవసర నిబంధనలలోని 119వ నిబంధన. సైనిక కమిటీ సిఫారసుపై 2005లో ఆపిన ఈ పద్ధతిని 2014లో పునరుద్ధరించారు.

ఇదంతా చట్టం అమలు, భద్రతా చర్య మాత్రమేనని ఇజ్రాయెల్ వాదన. ఆక్రమిత ప్రాంతంలో ఆస్తి విధ్వంసాన్ని, సైనిక చర్యకు తప్పనిసరైనప్పుడు తప్ప, నాల్గవ జెనీవా ఒప్పందం 53వ అధికరణ నిషేధిస్తుంది. ఇజ్రాయెల్ అనుమతుల విధానం, అనుమతి లేదంటూ సాగించే కూల్చివేతలు నిషిద్ధ వివక్షేనని అంతర్జాతీయ న్యాయస్థానం 2024 జూలై 19న తన సలహా అభిప్రాయంలో తేల్చిచెప్పింది.