తివాచీ వెనకవైపు

ఏలూరు తంగెళ్ళమూడిలో ఉన్ని పోగుని ముడేసి, కత్తితో కోసి, మళ్ళీ ముడేసే పని తరతరాలుగా మా సాయిబులది. ఈ విద్య ఇరాన్ నుంచి వచ్చిందని మా పెద్దలే చెప్తారు. కొందరికి ఆ ఒక్క మాట చాలు. ‘అదిగో, మీరు బయటోళ్ళని మీరే ఒప్పుకున్నారుగా!’

సరే, బయటి నుంచి వచ్చినవాళ్ళ లెక్కే చూద్దాం.

కుతుబ్‌షాహీల కాలంలో బందరు రేవుకీ ఇరాన్‌కీ నడుమ ఓడలు తిరిగేవి. ఇక్కడి అద్దకం బట్టలు అటు పోయేవి, అటు నుంచి మనుషులొచ్చేవాళ్ళు. గోల్కొండను శాసించిన మీర్ జుమ్లా అలా వచ్చినవాడే. ఆయనకి సొంత ఓడలుండేవి. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో బందరులో దిగారు. ఫ్యాక్టరీ పెట్టారని చదువుకున్నాం. ఆ ఫ్యాక్టరీలో మగ్గం లేదు. అది సరుకు దాచే కొఠీ, అంతే.

సముద్రం మీద బతికారంటే చేపలు పట్టి కాదు. ఆ పని బెస్తలది, కొల్లేట్లో అయితే వడ్డీలది. కొఠీలు బతికింది లోపలి ఊళ్ళ వేళ్ళ మీద. నరసాపురం దగ్గరి మాధవాయపాలెం నుంచి పోయిన నూలుబట్టకి యూరప్‌లో ఆ ఊరి పేరే పడింది, మడపొల్లం అని. నేసినవాడి పేరు మాత్రం ఏ చిట్టాలో వెతకాలి? నరసాపురంలో ఓడలు కట్టిన వడ్రంగుల సంగతీ అంతే.

తివాచీల గతి ఇంకా అన్యాయం. బందరు తివాచీలు ఎందుకు చెడ్డాయో జార్జ్ బర్డ్‌వుడ్ 1880లో రాశాడు. ఇంగ్లీషు వర్తకులే నేతగాళ్ళ చేతికి చవక ముడిసరుకిచ్చి నేయించారట, అడుగున ఇంగ్లండు పురికొసతో సహా. చెప్పింది వాళ్ళ మనిషే! పనితనం తగ్గిందన్న నింద మాత్రం మగ్గం ముందు కూర్చున్నవాడి నెత్తిన పడింది.

1864 నవంబరు 1 ఉప్పెనలో బందరు ప్రాంతంలో దాదాపు 30,000 మంది పోయారు. ఆ రేవు మళ్ళీ తేరుకోలేదు. 1890ల్లో బెజవాడ నుంచి ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా రైలు పడింది. ఇక సరుక్కి బందరుతో పనేముంది? కొఠీలవాళ్ళు లాభం మూటగట్టుకుని పోయారు. మా వాళ్ళు ఎక్కడికీ పోలేదు. పోవడానికి ఇంకో ఊరు ఉంటేగా.

బందరులో డచ్చి సమాధులున్నాయి. రాళ్ళ మీద పేర్లు, తేదీలు, వంశాల గుర్తులు ఇప్పటికీ చదవొచ్చు. ఏలూరు పాత తివాచీని తిరగేసి చూడండి. వెనకంతా ముడులే కనిపిస్తాయి.